కమ్మీ చిత్రాలలో మన జిల్లా, మన బడి

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో విద్యార్థులను, ఉపాధ్యాయులను, పూర్వ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి ఉత్సవ సభలలో మాతృభాషా మాధుర్యాన్ని గురించి, పూర్వుల త్యాగాలను గురించి ప్రసంగించడం పరిపాటి. ఆ బాధ్యతను నాకంటె సమర్థులైన పెద్దలు ఇప్పటికే చక్కగా నిర్వహించారు. నేను లెక్కల మనిషిని. కనుక లెక్కలలోని ఒక చిన్న పరికరాన్ని మీ ముందుంచి, దానితో మొదట మన జిల్లాను, తరువాత మన బడిని చూడమని కోరుతాను. ఆ పరికరం పేరు కమ్మీ చిత్రం. అందునా, జంటలు జంటలుగా నిలబెట్టి, ఒక్కొక్క కమ్మీని మళ్ళీ పొరలు పొరలుగా పేర్చిన కమ్మీ చిత్రం. ఇది ఏడో తరగతి పాఠంలా కనిపించవచ్చు. కాని ఒక బడి బతుకు ఈ బొమ్మలో ఎలా కనబడుతుందో, లేక ఎలా కనబడకుండా పోతుందో చివరకు మీకే తెలుస్తుంది.

కమ్మీ చిత్రానికి రెండు వందల ఏళ్ళకు మించిన చరిత్ర ఉన్నది. స్కాట్లండు దేశీయుడైన విలియం ప్లేఫేర్ 1786లో వాణిజ్య లెక్కల పటాలతో ఒక గ్రంథం వెలువరించాడు. అందులో అధిక భాగం సంవత్సరాల వెంట సాగే రేఖాపటాలే. కాని స్కాట్లండు వ్యాపారానికి సంబంధించి ఆయనకు ఒకే ఒక్క సంవత్సరపు లెక్కలు లభించాయి. ఒక్క ఏటి లెక్కతో సాగే రేఖను గీయడం సాధ్యం కాదు కదా! అందుచేత ఆయన స్కాట్లండుతో వ్యాపారం చేసే పదిహేడు ప్రదేశాలను వరుసగా పేర్కొని, ఒక్కొక్క దానికి దిగుమతికి ఒక కమ్మీ, ఎగుమతికి ఒక కమ్మీ చొప్పున పక్కపక్కన గీశాడు. అంటే లోకంలో మొదటగా పేరుపొందిన కమ్మీ చిత్రమే జంట కమ్మీల చిత్రం. లెక్కలు చాలనప్పుడు పుట్టిన ఉపాయం లెక్కలు మిక్కుటమైనప్పుడు కూడ మనకు అక్కరకు వస్తున్నది.

సాధారణ కమ్మీ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఎక్కడ ఎంత? అంతే. జీవితంలో ప్రశ్నలు ఒంటరిగా రావు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అనే మూడు ప్రశ్నలు ఒకేసారి ఎదురవుతాయి. ఇటువంటి పలు కోణాల దత్తాంశాన్ని పరిశీలించే శాస్త్రంలో మన తెలుగువాడొకడు ప్రపంచ ప్రఖ్యాతి గడించాడు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు. 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత సాంఖ్యక సంస్థలో చేరి, ఒక్కొక్క వస్తువుకు అనేక కొలతలున్నప్పుడు వాటినన్నిటిని కలిపి విశ్లేషించే పద్ధతులను అభివృద్ధి చేశాడు. 2023లో, తన నూట మూడవ ఏట, అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర పురస్కారం అందుకొని, అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశాడు. ఆయన చూపిన గణితం ఉన్నత స్థాయిది. దానికి మొదటి మెట్టు మాత్రం మన గ్రాఫు కాగితం మీదనే ఉన్నది.

పిల్లలారా! పేర్చిన కమ్మీ అంటే ఏమిటో మన చాందాలో పుట్టినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. బొగ్గు కోసం భూమిలో బోరు వేస్తారు. పైన మట్టి, దానికింద ఇసుకరాయి, ఆ కింద బొగ్గు పొర, మళ్ళీ రాయి. ఏ పొర ఎంత మందమో కాగితంపై నిలువుగా గీసి చూపుతారు. అదే పేర్చిన కమ్మీ. ఇటువంటి బోర్లను రెండింటిని పక్కపక్కన గీస్తే అది జంట. అలాంటి జంటలను ఊరూరికి గీస్తే అది మనం చెప్పుకొంటున్న సంయుక్త కమ్మీ చిత్రం. క్షితిజ అక్షంపై సమూహాలు, సమూహంలో కమ్మీలు, కమ్మీలో పొరలు. మూడు ప్రశ్నలకు మూడు తావులు. ఎత్తు మాత్రం ఎప్పుడూ సంఖ్యనే చెబుతుంది.

ఇప్పుడు మన జిల్లాను తీసుకొందాము. జిల్లా అన్న మాట దగ్గరే ఒక హెచ్చరిక అవసరం. పేరు ఒకటే అయినా హద్దులు మారుతూ వచ్చాయి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగే వరకు చాందా మధ్యప్రదేశ్‌లో ఉండేది. పక్కనే ఉన్న రాజురా ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాకు చెందినది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లా నుండి గడ్‌చిరోలిని విడదీసి వేరు జిల్లా చేశారు. ప్రాణహిత ఒడ్డున తెలుగు వినిపించే సిరోంచా ఆ జిల్లాలోనికి వెళ్ళింది. కనుక 1981 జనగణనలోని చంద్రపూర్ కమ్మీని, 1991 జనగణనలోని చంద్రపూర్ కమ్మీని పక్కపక్కన నిలబెట్టి జనాభా తగ్గిపోయిందని ఎవరైనా అంటే, తగ్గినది జనం కాదు, హద్దు అని మనం చెప్పగలగాలి. జంట కమ్మీలకు మొదటి నియమం ఇదే. పక్కపక్కన నిలిపినవి ఒకే కొలతకు, ఒకే హద్దుకు చెందినవై ఉండాలి.

విడిపోయిన తరువాత 2001లోను, 2011లోను జరిగిన రెండు జనగణనల లెక్కలు చూద్దాము. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున ఈ రెంటినే తీసుకొన్నాను.

చంద్రపూర్, 2001: స్త్రీలు 10,08,108, పురుషులు 10,62,993, మొత్తం 20,71,101.
చంద్రపూర్, 2011: స్త్రీలు 10,80,473, పురుషులు 11,23,834, మొత్తం 22,04,307.
గడ్‌చిరోలి, 2001: స్త్రీలు 4,79,193, పురుషులు 4,91,101, మొత్తం 9,70,294.
గడ్‌చిరోలి, 2011: స్త్రీలు 5,31,614; పురుషులు 5,41,328; మొత్తం 10,72,942.

ఇందులో మూడు కోణాలున్నాయి: జిల్లా, సంవత్సరం, స్త్రీ పురుష భేదం. గ్రాఫు కాగితంపై ఒక సెంటీమీటరుకు రెండు లక్షలు స్కేలుగా తీసుకోండి. జిల్లాలు రెండు సమూహాలు. ఒక్కొక్క సమూహంలో 2001కి ఒకటి, 2011కి ఒకటి చొప్పున రెండు కమ్మీలు. కమ్మీలో అడుగున స్త్రీలు, పైన పురుషులు. చంద్రపూర్ కమ్మీలు సుమారు 10.4, 11 సెంటీమీటర్ల ఎత్తు, గడ్‌చిరోలివి సుమారు 4.9, 5.4 సెంటీమీటర్ల ఎత్తు వస్తాయి. సమూహంలోని రెండు కమ్మీల నడుమ సందు వద్దు, లేదా వెంట్రుకవాసి చాలు. సమూహానికి, సమూహానికి మధ్య మాత్రం ఒక కమ్మీ వెడల్పంత ఖాళీ విడవండి. దగ్గరున్నవి చుట్టాలని, దూరమున్నవి పొరుగువారని కన్ను తనంతట తానే గ్రహిస్తుంది.

స్త్రీలను అడుగున ఎందుకు ఉంచాము? మర్యాద కోసం కాదు, కంటి స్వభావం కోసం. 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మనుషులు పటాలను ఎంత కచ్చితంగా చదవగలరో ప్రయోగాలు చేసి చూశారు. ఒకే ఆధార రేఖ మీద నిలిచిన వాటి ఎత్తులను మనం చక్కగా పోల్చగలము. వేరువేరు ఎత్తులలో మొదలయ్యే ముక్కల పొడవులను పోల్చడంలో మన కన్ను తడబడుతుంది. మళ్ళీ బోరు బావుల సంగతే చూడండి. ఒక బోరులో బొగ్గు పొర నలభయ్యో మీటరులో, పక్క బోరులో డెబ్బయ్యో మీటరులో మొదలైతే ఏ పొర మందమో చూపుతో చెప్పలేము, టేపు పెట్టి కొలవవలసిందే. మన పటంలో కూడ అంతే. చంద్రపూర్ స్త్రీల పొర 5.04 నుండి 5.40 సెంటీమీటర్లకు పెరిగినట్లు ఇట్టే తెలుస్తుంది. దానిపైన కూర్చున్న పురుషుల పొర 5.31 నుండి 5.62కు పెరిగిన సంగతి అంత సులువుగా తెలియదు, ఎందుకంటే దాని పాదమే పైకి జరిగింది. కాబట్టి పేర్చిన కమ్మీలో నిశ్చయంగా చదవగలిగినవి రెండే: అడుగు పొర, మొత్తం ఎత్తు. మన ప్రశ్న ఎవరిని గురించినదో వారిని అడుగున నిలపాలి.

మరి ఈ పటం ఏమి చెప్పింది? పదేళ్ళలో చంద్రపూర్‌లో స్త్రీలు 72,365 మంది, పురుషులు 60,841 మంది పెరిగారు. గడ్‌చిరోలిలో స్త్రీలు 52,421, పురుషులు 50,227. రెండు చోట్లా స్త్రీల పెరుగుదలే ఎక్కువ. వేయిమంది పురుషులకు స్త్రీల సంఖ్య చంద్రపూర్‌లో 948 నుండి 961కి, గడ్‌చిరోలిలో 976 నుండి 982కు చేరింది. మొత్తాలు మాత్రమే చూపే సాధారణ కమ్మీలు ఈ మాట చెప్పలేవు.

ఇదే దత్తాంశాన్ని ఇప్పుడు తిరగవేసి గీద్దాము. సంవత్సరాలను సమూహాలు చేసి, స్త్రీలకొక కమ్మీ, పురుషులకొక కమ్మీ నిలబెట్టి, జిల్లాలను పొరలుగా పేర్చండి. విడిపోయిన రెండు జిల్లాలు మళ్ళీ ఒక కమ్మీలో కలిసి, పాత ఉమ్మడి చంద్రపూర్ మన కళ్ళముందు నిలుస్తుంది. 2001లో ఆ ఉమ్మడి ప్రాంతంలో స్త్రీలు 14,87,301, పురుషులు 15,54,094. తేడా 66,793. 2011లో స్త్రీలు 16,12,087, పురుషులు 16,65,162. తేడా 53,075. మొదటి పటంలో ఎంత వెదకినా ఈ తేడా తగ్గిన సంగతి కంటికి ఆనదు. రెండవ పటంలో పక్కపక్కనున్న రెండు కమ్మీల తలలను చూస్తే చాలు. సంఖ్యలు మారలేదు, పేర్పు మారింది. అందుచేత ఏది సమూహం, ఏది కమ్మీ, ఏది పొర అన్నది అందచందాల విషయం కాదు. ప్రశ్నను ముందు రాసుకొని, పటాన్ని తరువాత గీయాలి.

ఇక ఈ పటాలు గీసేటప్పుడు జరిగే పొరపాట్లను మూడింటిని మాత్రం చెబుతాను. వార్తాపత్రికలలోను, ప్రకటనలలోను ఇవి తరచు కనిపిస్తాయి.

మొదటిది, ఆధారాన్ని నరకడం. కమ్మీ సున్నా నుండి మొదలు కావాలి. చంద్రపూర్ కమ్మీలను ఎవరైనా ఇరవై లక్షల దగ్గర మొదలుపెట్టి గీశారనుకోండి. 2001 కమ్మీ 71 వేల ఎత్తు, 2011 కమ్మీ 2 లక్షల 4 వేల ఎత్తు కనిపిస్తాయి. చూసినవాడు జనాభా దాదాపు మూడు రెట్లయిందని గుండె పట్టుకొంటాడు. నిజానికి పెరిగినది నూటికి 6.43 మాత్రమే. పేర్చిన కమ్మీలో ఈ దోషం ఇంకా పెద్దది, ఎందుకంటే నరికినది అడుగు పొరను, అంటే మనం అన్నిటికంటె బాగా చదవగలిగిన పొరను.

రెండవది, పేర్చకూడనివి పేర్చడం. 2011లో చంద్రపూర్ జిల్లా అక్షరాస్యత పురుషులలో నూటికి 86.79, స్త్రీలలో 72.97. వీటిని ఒకదానిపై ఒకటి పేర్చితే 159.76 వస్తుంది. నూటికి నూట అరవై మంది చదువుకొన్న జిల్లా భూమండలం మీద లేదు. ఆ జిల్లా మొత్తం అక్షరాస్యత 80.01. మనుషులను కూడవచ్చు, శాతాలను కూడరాదు. ఒకే మొత్తానికి భాగాలైనవే పొరలు కాగలవు. వేరువేరు మొత్తాల శాతాలు పక్కపక్కనే నిలబడాలి.

మూడవది, నూరు శాతపు కమ్మీల మాయ. 2011లో చంద్రపూర్‌లో నూటికి 35 మంది పట్టణవాసులు, గడ్‌చిరోలిలో 11 మంది. ఈ నిష్పత్తులను చూపడానికి అన్ని కమ్మీలను నూరు ఎత్తుకు సమం చేసి గీయవచ్చు, అది మంచి పద్ధతే. కాని అప్పుడు ఇరవై రెండు లక్షల జిల్లా, పది లక్షల జిల్లా ఒకే ఎత్తున కనిపిస్తాయి. కనుక ప్రతి కమ్మీ నెత్తిన అసలు సంఖ్యను వేయక తప్పదు.

రంగుల విషయం ఒక్క ముక్కలో చెబుతాను. ఒక పొరకు ఒకే రంగు, అన్ని కమ్మీలలోను అదే. పొరలు మూడు, నాలుగుకు మించితే ఆ పటాన్ని వదలివేసి, చిన్న చిన్న పటాలుగా విడదీసి ఒకే స్కేలుతో పక్కపక్కన వేయండి. కంప్యూటరుపై ఎక్సెల్‌లో గీసేవారికి జంటలు, పేర్పు రెండూ కలిసిన నమూనా సిద్ధంగా దొరకదు. పట్టికలో సమూహానికి, సమూహానికి నడుమ ఒక ఖాళీ వరుస విడిచి, పేర్చిన కమ్మీల నమూనా ఎంచుకొని, కమ్మీల మధ్య ఎడం తగ్గిస్తే సమూహాలు వాటంతట అవే ఏర్పడతాయి.

పెద్దలారా! ఇప్పుడు మన బడి దగ్గరకు వస్తాను. 1929లో కాజీపేట, బల్లార్షా రైలు మార్గం పూర్తయిన తరువాత రైల్వేలోను, బొగ్గు గనులలోను, కాగితపు మిల్లులోను పని వెదుక్కొంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నేలలో వేళ్ళూనుకొన్నాయి. అటువంటివారి పిల్లలకు అమ్మ మాటలో అక్షరం నేర్పడానికే ఇటువంటి బడులు వెలసినవి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించాలని మన రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ఆదేశిస్తున్నది. అధికరణం మాట ఇస్తుంది. ఆ మాట నిలిచేది లెక్క మీద. ఏటేటా జరిగే సంచమాన్యతలో పిల్లల సంఖ్యను బట్టే ఉపాధ్యాయుల పదవులు మంజూరవుతాయని ఇక్కడున్న ఉపాధ్యాయులందరికీ తెలుసు. అప్పుడు మనం ఏ లెక్క చూస్తున్నాము? మొత్తం ఒక్కటే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది మన బడి లెక్క కాదు, ఏ బడి లెక్కా కాదు, ఊహించిన సంఖ్యలు. ఒక బడిలో మొదట ప్రాథమిక తరగతులలో బాలికలు 120, బాలురు 130. ఉన్నత తరగతులలో బాలికలు 60, బాలురు 90. మొత్తం 400. కొన్నేళ్ళ తరువాత ప్రాథమిక తరగతులలో బాలికలు 110, బాలురు 110. ఉన్నత తరగతులలో బాలికలు 100, బాలురు 80. మొత్తం మళ్ళీ 400. వార్షిక నివేదికలో మార్పు లేదని ఒక వాక్యం రాసి సంతకం చేస్తారు.

అదే బడికి మన పటం గీయండి. ప్రాథమిక, ఉన్నత దశలు సమూహాలు. అప్పుడు, ఇప్పుడు అన్నవి కమ్మీలు. అడుగున బాలికలు, పైన బాలురు. ఒక సంతోషం, ఒక ప్రమాదం ఒకేసారి బయటపడతాయి. సంతోషమేమంటే, ఉన్నత తరగతుల అడుగు పొర 60 నుండి 100కు ఎదిగింది. ఆడపిల్లలు మధ్యలో బడి మానకుండా నిలబడుతున్నారు. ఎందరో తల్లులు, ఉపాధ్యాయినులు చేసిన కృషి ఆ పొరలో ఉన్నది. మొత్తం అనే ఒక్క అంకె ఆ కృషిని మింగివేసింది. ప్రమాదమేమంటే, ప్రాథమిక కమ్మీ 250 నుండి 220కి కుంగింది. నేడు మొదటి తరగతిలో చేరనివాడు రేపు ఎనిమిదో తరగతిలో కనిపించడు. నేడు ఉన్నత తరగతులు నిండుగా ఉన్నవి కదా అని ఊరకుంటే, ఆరేడేళ్ళకు అవి కూడ పలచబడతాయి. అప్పుడు పదవులు తగ్గుతాయి, పదవులు తగ్గితే తల్లిదండ్రులకు నమ్మకం తగ్గుతుంది, నమ్మకం తగ్గితే పిల్లలు మరింత తగ్గుతారు. చెరువు కట్టకు తొలి చెమ్మ కనబడినప్పుడే మట్టి వేయాలి. గండి పడిన తరువాత వేసిన మట్టి నీటితో పోతుంది.

కనుక ఈ జూబిలీ సంవత్సరంలో నా ప్రార్థన ఒక్కటే. కార్యాలయపు బీరువాలో డెబ్బయి అయిదేళ్ళ జనరల్ రిజిస్టర్లు ఉన్నాయి. చేరిన తేది, చేరిన తరగతి, విడిచిన తరగతి, విడిచిన కారణం, అన్నీ వాటిలో నమోదై ఉంటాయి. ఒక్కొక్క వరుస ఒక్కొక్క పసివాని జీవితం. తొమ్మిదో తరగతి పిల్లలను జట్లుగా చేసి, పేర్లు బయటకు రాకుండా సంఖ్యలను మాత్రమే, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, పదేళ్ళకొకసారి చొప్పున ఎత్తి రాయించండి. దశలు సమూహాలుగా, పదేళ్ళు కమ్మీలుగా, బాలికలు అడుగు పొరగా ఒక పెద్ద పటం గీయించి, ప్రధానోపాధ్యాయుల గది గోడకు తగిలించండి. ఏటా ఒక కొత్త కమ్మీ చేర్చండి. కార్యవర్గ సమావేశం ఆ పటం ఎదుట కూర్చొని జరగాలి. ఉపాధ్యాయ పదవి కోసం అధికారుల వద్దకు వెళ్ళినప్పుడు ఆ పటం నకలు చేతిలో ఉండాలి. వినతిపత్రంలోని విశేషణాల కంటె ఆ కమ్మీల మాటకే బలమెక్కువ.

పటం బడిని రక్షించదు, రక్షించవలసినవారు మనుషులే. కాని ఏ ఇంటి తలుపు తట్టాలో, ఏ తరగతి దగ్గర చేయి అందించాలో పటం చూపుతుంది. పూర్వ విద్యార్థులు ఈ సంవత్సరం తమ వీధిలో ఒక్కొక్క పసివాణ్ణి మొదటి తరగతిలో చేర్పించే పూనిక వహిస్తే, వచ్చే ఏటి కమ్మీలో ఆ పూనిక కొలతకు అందేటంత ఎత్తుగా కనిపిస్తుంది.

ఈ విద్యాలయం శతజయంతి కమ్మీని కూడ నిండుగా గీసుకోవాలని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకొంటున్నాను.